గింజకు అవతలి వైపు

చెవి, ముక్కు, గొంతు డాక్టరు ముందుండే స్టీలు ట్రేలో అన్నిటికంటే సాదాగా కనిపించేది జాబ్సన్ హోర్న్ ప్రోబ్. జానెడు కూడా ఉండని సన్నటి ఉక్కు పుల్ల. ఒక కొస గరుకుగా ఉంటుంది, దూది చుట్టుకోవడానికి. రెండో కొసన చిన్న రింగు. ఆ రింగు పుల్లతో తిన్నగా సాగదు, కాస్త వంగి ఉంటుంది. వాడీ వాడీ వంగిపోయిందేమో అనిపిస్తుంది. కానీ దాని పనితనమంతా ఆ వంపులోనే ఉంది. చెవిలో ఇరుక్కున్న పూసను ఎదురుగా పట్టుకుని లాగాలనుకునేవాడికి వంపు అక్కర్లేదు. గోడ వారగా జారి, పూసను దాటి, దాని వెనక్కి చేరి, అక్కణ్నుంచి బయటికి తెచ్చుకోవాలనుకున్నవాడికే అది కావాలి.

ఒంటి రంధ్రాల్లో దూరిన వస్తువుల్ని తీసే విద్య చాలావరకు ఈ ఒక్క ఎత్తుగడ మీద నడుస్తుంది. గుండ్రటి వస్తువును ఎదుటినుంచి చిమటాతో పట్టబోతే కొనలు జారతాయి, జారినప్పుడల్లా వస్తువు మరికాస్త లోపలికి పోతుంది. అందుకని ఏదో ఒకటి దాని అవతలి వైపుకు చేరాలి: కొక్కెమో, నీళ్ళో, గాలో. ఏది ఎక్కడ చేరాలన్నది ఆ రంధ్రం కట్టుబడిని బట్టి ఉంటుంది.

చెవి రంధ్రం పెద్దవాళ్ళలో కర్ణభేరి దాకా దాదాపు 2.5 సెంటీమీటర్లు. దారి మెలి తిరిగి ఉంటుంది. బయటి మూడో వంతు మృదులాస్థి. వెంట్రుకలు, గుబిలి అక్కడే. మిగతా రెండు వంతులు ఎముక, దాన్ని అంటిపెట్టుకుని బాగా పల్చటి చర్మం. అక్కడ పుల్ల కొస తగిలితే మనిషి ఎగిరిపడతాడు. అందుకే డాక్టరు మొదట దారిని తిన్నగా చేస్తాడు. పెద్దవాళ్ళకైతే చెవి డొప్పను పైకీ వెనక్కీ, పసివాళ్ళకైతే వెనక్కీ కిందికీ లాగుతాడు. పుల్ల పట్టుకున్న చేతి వేళ్ళను రోగి చెంపకు ఆనించి ఉంచుతాడు. పిల్ల ఉలిక్కిపడి తల తిప్పితే ఆ చెయ్యి కూడా తలతోపాటే తిరుగుతుంది, పుల్ల లోపలికి గుచ్చుకోదు. చూసేవాళ్ళు గమనించరు గానీ ఆ వేళ్ళ ఆనింపే ఈ పనికి సగం బలం.

తర్వాత వెలుతురు. సన్నటి రంధ్రంలోకి చూడాలంటే దీపం కంటికి అడ్డు, తల దీపానికి అడ్డు. 1841లో ఫ్రీడ్రిష్ హోఫ్‌మన్ అనే జర్మన్ వైద్యుడు దీనికో ఉపాయం చెప్పాడు: పుటాకార అద్దానికి నడిమధ్య రంధ్రం. అద్దం వెలుతురును చెవిలోకి తిప్పుతుంది, వైద్యుడు అదే అద్దం మధ్యనుంచి చూస్తాడు. చూపు, వెలుతురు ఒకే గీత మీదికి వచ్చాయి. 1855లో ఫొన్ ట్రోల్చ్ ఆ అద్దాన్ని మళ్ళీ ప్రచారంలోకి తెచ్చాడు. అది నుదుటికి ఎక్కాక రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. కార్టూన్లలో డాక్టరు నుదుట కనిపించే గుండ్రటి బిళ్ళ ఇదే. ఇప్పుడు దాని చోట తలకు కట్టుకునే ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి, సూత్రం మాత్రం మారలేదు.

కాగితం ముక్కకో, దూదికో అంచు ఉంటుంది కాబట్టి మొసలి నోటి ఫోర్సెప్స్‌తో పట్టుకోవచ్చు. ఇసుక, చిన్న రాయి అయితే, కర్ణభేరి బాగుందని చూసుకున్నాక, సిరంజితో నీళ్ళు కొడతారు. ధారను రాయి మీదికి కొట్టరు. రంధ్రం పై గోడ వెంబడి పంపితే నీళ్ళు రాయిని దాటిపోయి, లోపల మళ్ళుకుని, వెనకనుంచి దాన్ని బయటికి తోస్తాయి. ఆ నీళ్ళు ఒంటి వేడికి సరిపోవాలి, చల్లగా ఉంటే కళ్ళు తిరుగుతాయి. శనగ గింజో పెసర గింజో అయితే నీళ్ళ జోలికే పోరు, అది నానిందంటే దారికి సరిగ్గా బిరడా అయి కూర్చుంటుంది. పురుగు బతికుంటే ముందు నూనె చుక్కలో, మత్తు చుక్కలో వేసి దాని కదలిక ఆపుతారు, ఆ తర్వాతే తీయడం. కొబ్బరి నూనె వెయ్యమనే అమ్మమ్మ వైద్యం ఇక్కడ సరైనదే, చెవి కారే జబ్బు లేని వాళ్ళకు.

ముక్కులో దూరినదాన్ని గుర్తించడానికి పనిముట్ల కంటే ముందు ముక్కు వాసన పనికొస్తుంది. పిల్లకు ఒకే వైపు నుంచి చీమిడి కారుతూ, అది కంపు కొడుతుంటే, వేరే కారణం తేలేదాకా ఆ ముక్కులో ఏదో ఉందనే అనుకోవాలి. జలుబైతే రెండు వైపులా కారుతుంది. తీసేటప్పుడు ఇక్కడా కొక్కెమే. పూస మీదుగా వెళ్ళి వెనక దిగి ముక్కు నేల వెంబడి ముందుకు లాగుతారు. వెనక్కి జారితే మాత్రం చెవిలోలా అడ్డుగా కర్ణభేరి ఉండదు. ముక్కు వెనక గొంతు, గొంతు కింద ఊపిరి దారి. అందుకే ఏడ్చి గింజుకునే పిల్లను బలవంతంగా పట్టుకుని పదే పదే ప్రయత్నించడం మంచి డాక్టర్లు చేయరు. మొదటి ప్రయత్నమే బాగా చెయ్యాలి, కుదరకపోతే మత్తు ఇచ్చి తీయాలి.

ముక్కు విషయంలో నాకు బాగా నచ్చిన ఉపాయానికి మాత్రం పనిముట్టే లేదు. 1965లో న్యూజెర్సీలో వ్లాదిమిర్ క్టిబోర్ అనే కుటుంబ వైద్యుడు రాశాడు. తల్లి బిడ్డ నోటి మీద తన నోరు గట్టిగా ఆనించి, ఖాళీగా ఉన్న ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, కొద్దిగా ఊదుతుంది. బిడ్డ స్వరపేటిక తనంతట తాను మూసుకుంటుంది, తల్లికి ఊపిరికి ఏదో అడ్డు తగిలినట్టు తెలుస్తుంది. సరిగ్గా అప్పుడు ఒక్కసారి గట్టిగా ఊదాలి. గాలికి ఊపిరితిత్తుల దారి మూసుకుంది, ఒక ముక్కు మూసుకుంది. మిగిలింది పూస ఉన్న ముక్కే, అదీ వెనకనుంచి. పూస తల్లి చెంపకు తగిలి పడుతుంది. 2012లో వచ్చిన ఒక సమీక్ష లెక్కలో ఇది నూటికి 60 సార్లు దాకా ఫలించింది. బిడ్డకు అది ముద్దే, వైద్యంలా అనిపించదు. డాక్టరు పక్కనుండి చెప్పి చేయిస్తే మంచిది.

ఇంతదాకా చెప్పిన వాటికి ఓపిక పట్టే వ్యవధి ఉంది. బిళ్ళ బ్యాటరీకి లేదు. రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో ఉండే 20 మిల్లీమీటర్ల 3 వోల్టుల లిథియం బ్యాటరీ బిడ్డ అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే గోడను కాల్చగలదు. లోపలి మందు కారి కాలుస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు పని చేసేది కరెంటు. తడి కండ తగిలి సర్క్యూట్ పూర్తవుతుంది, నెగటివ్ వైపున నీరు విడిపోయి ఘాటైన క్షారం పుడుతుంది, ఆ క్షారం కండను కరిగిస్తుంది. బొమ్మను ఆడించలేనంతగా అయిపోయిన బ్యాటరీలో కూడా దీనికి సరిపడా కరెంటు మిగిలి ఉంటుంది.

ఎక్స్‌రేలో దీన్ని రూపాయి బిళ్ళగా పొరబడే అవకాశం ఉంది కాబట్టి డాక్టరు అంచులు చూస్తాడు. ఎదుటినుంచి తీసిన ఫిల్ములో నాణేనికి ఒకే వలయం, బ్యాటరీకి లోపల ఇంకో వలయం. పక్కనుంచి తీసినదాంట్లో బ్యాటరీ అంచు మెట్టుగా దిగుతుంది. ఆ మెట్టు సన్నంగా ఉన్న వైపే నెగటివ్. అది ముందుకు తిరిగి ఉంటే ప్రమాదం శ్వాసనాళానికి, వెనక్కి తిరిగి ఉంటే వెన్ను వైపుకు. ఒక నీడలోని చిన్న మెట్టు చూసి లోపల ఏ గోడ కాలుతోందో చెప్పగలగడం నిజంగా మెచ్చుకోవలసిన చదువరితనం. ఆసుపత్రికి దారిలో ఏడాది దాటిన పిల్లలకు, మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలిగిన స్థితిలో ఉంటే, 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వమని ఇప్పుడు చెబుతున్నారు. అది కాలడాన్ని నెమ్మదింపజేస్తుందంతే. తేనె కోసం దుకాణం వెతుక్కుంటూ ఆగకూడదు. ముక్కులో ఇరుక్కున్న బ్యాటరీకీ ఇదే తొందర, అక్కడ అది నడిమి గోడకు చిల్లు పెడుతుంది.

చేప ముల్లు సంగతి క్లుప్తంగానే చెప్పొచ్చు. ఎక్కువగా అది టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో గుచ్చుకుని ఉంటుంది, దీపం, అద్దం ఉంటే డాక్టరుకు కనిపిస్తుంది. అన్నం ముద్ద మింగించే అలవాటు గోదావరి జిల్లాల్లో పులసతోపాటే వచ్చిందేమో గానీ, పైన గుచ్చుకున్న ముల్లును అది కిందికి, లోతుకు దిగగొట్టగలదు.

అసలైన నేర్పు కనిపించేది ఊపిరి దారిలో. తింటూ మాట్లాడితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారంటూ నడినెత్తిన తడతాం. నెత్తిన తట్టడం వల్ల ఏమీ జరగదు. పని చేసేది దగ్గు. లోతుగా గాలి లోపలికి వెళుతుంది, స్వరతంతువులు మూసుకుంటాయి, ఛాతీ, పొట్ట కండరాలు బిగిసి ఒత్తిడి పెరుగుతుంది, తంతువులు చటుక్కున తెరుచుకుంటాయి. అడ్డుపడ్డ గింజకు అవతలి వైపున నిల్వ ఉన్న గాలి దాన్ని బయటికి విసురుతుంది. ఈ విద్య ఎత్తుగడ ఒంటికి ముందునుంచే తెలుసన్నమాట. బిడ్డ గట్టిగా దగ్గగలుగుతున్నంతసేపు దగ్గనివ్వమనేది అందుకే. దగ్గు వినపడక, ఏడుపు రాక, పెదవులు నీలంగా మారితే మనం ఆ ఒత్తిడిని పుట్టించాలి. ఏడాది దాటినవాళ్ళకు ముందుకు వంచి రెండు భుజపు ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, ఆ తర్వాత బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 నొక్కులు. రెండోది 1974లో హెన్రీ హైమ్లిక్ చెప్పింది. ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిలుండే గాలినే ఆయన తోపుడుకు వాడుకున్నాడు. ఏడాదిలోపు పసికందుకు పొట్ట మీద నొక్కరు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి కెలకడం ఏ వయసులోనూ కూడదు, అది ఎదుటినుంచి తోయడమే అవుతుంది. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేస్తుండాలి. స్పృహ తప్పితే గుండె మీద నొక్కే ప్రథమ చికిత్సకు మారాలి.

కానీ చాలాసార్లు కథ ఇంత గోలగా జరగదు. రెండేళ్ళ బిడ్డ పల్లీలు తింటూ నవ్వుతుంది. నమిలే పళ్ళు ఇంకా పూర్తిగా వచ్చి ఉండవు. ఒక బద్ద స్వరపేటిక దాటి జారుతుంది. నిమిషంసేపు దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు, ఆ తర్వాత అంతా మామూలే. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. బద్ద ఏదో ఒక పక్క శ్వాసనాళపు కొమ్మలోకి దిగి అక్కడ గోడలకు అలవాటు పడిందంతే. పెద్దవాళ్ళలో కుడి కొమ్మ వెడల్పు, పొట్టి, నిట్టనిలువు కాబట్టి ఎక్కువగా అటే పోతుంది. పసివాళ్ళలో ఆ తేడా అంతగా ఉండదు, ఎటైనా పోవచ్చు. రోజులు గడిచాక దగ్గు, జ్వరం, పిల్లికూతలు. ఉబ్బసమనో నిమ్మనో అనుకుని మందులు వాడతారు. పల్లీలోని నూనె గోడను రేపి వాచేలా చేస్తుంది, బద్ద తడికి ఉబ్బుతుంది, రెండూ కలిసి దారిని మూస్తాయి.

పల్లీ ఎక్స్‌రేలో కనిపించదు. దాని ఉనికిని పరోక్షంగా పట్టుకోవాలి. ఊపిరి పీల్చినప్పుడు శ్వాసనాళపు కొమ్మలు కాస్త విప్పారతాయి, వదిలినప్పుడు కుంచించుకుంటాయి. అడ్డుగా గింజ ఉంటే గాలి పక్కనుంచి లోపలికి పోతుంది గానీ తిరిగి రాలేదు, సైకిలు ట్యూబు వాల్వులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కాబట్టి ఊపిరి వదిలినప్పుడు తీసిన ఫిల్ములో ఒక ఊపిరితిత్తి చిన్నదవుతుంది, రెండోది గాలితో బిగిసి నల్లగా అలాగే ఉంటుంది, నడుమనున్న గుండె మంచి వైపుకు ఒరుగుతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే కథ తిరగబడుతుంది. లోపలి గాలి ఇంకిపోయి ఊపిరితిత్తి ముడుచుకుంటుంది, గుండె దానివైపే లాగబడుతుంది. అయితే ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన గింజ లేదని కాదు. స్టెతస్కోపు ఒక వైపు గాలి తగ్గిందని చెప్పాలి, అన్నిటికీ మించి ఇంట్లో ఎవరో ఒకరు 'మొన్న పల్లీలు తింటూ పొలమారింది' అని చెప్పాలి. ఆ ఒక్క వాక్యానికి ఉన్న బరువు ఏ ఫిల్ముకూ లేదని అనుభవమున్న డాక్టర్లు అంటారు.

మెడ కోయకుండా నోటిగుండా అక్కడిదాకా వెళ్ళొచ్చని 1897లో గుస్తావ్ కిలియన్ చూపించాడు. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఒక రైతు కుడి శ్వాసనాళంలో పంది ఎముక ముక్క. కొకైన్‌తో గొంతు మొద్దుబార్చి, అన్నవాహికను చూసేందుకు చేసిన తిన్నటి గొట్టాన్ని శ్వాసనాళంలోకి దింపి తీశాడు. శ్వాసనాళపు కొమ్మలు బిర్రుగా ఉండవని, తిన్నటి గొట్టానికి అవి సర్దుకుని ఒదుగుతాయని దాంతో తేలింది. తల వెనక్కి వంచి, మెడ కాస్త ముందుకు ఎత్తితే నోరు, గొంతు, శ్వాసనాళం ఒక గీతలోకి వస్తాయి.

ఆ విద్యను చేతిపనిగా మలిచినవాడు అమెరికాలో షెవాలియర్ జాక్సన్ (1865–1958). గొట్టం లోపలి కొసన చిన్న బల్బు పెట్టాడు, తన పనిముట్లు తనే చేసుకున్నాడు. ఏ వస్తువును తీయబోతున్నాడో అలాంటిదే ఇంకొకటి తెచ్చి, రబ్బరు గొట్టంలో పెట్టి, ఏ ఫోర్సెప్స్ ఎలా పడుతుందో ముందే సాధన చేసేవాడు. తెరుచుకున్న పిన్నీసు మొన పైకి ఉండి అన్నవాహికలో ఇరుక్కుంటే పైకి లాగడం గోడను చీల్చడమే. ఆయన దాన్ని లోపలే మూసే ఫోర్సెప్స్ తయారుచేశాడు. లేదా పిన్నీసును కిందికి, విశాలమైన పొట్టలోకి దింపి, అక్కడ తలకిందులు చేసి, మొన వెనక వచ్చేలా బయటికి తెచ్చేవాడు. మొన వెనకుంటే ఈడ్చుకుంటూ వస్తుంది, గుచ్చుకోదు. ఆయన సేకరణలోని 2,374 వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియం సొరుగుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పటి బ్రాంకోస్కోపు ఆ గొట్టానికి వారసురాలే. రెండేళ్ళ బిడ్డకు వాడేదాని బయటి కొలత 6 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఆ బిడ్డ శ్వాసనాళం కూడా దాదాపు తన చిటికెన వేలంతే. గొట్టం కొస ఏటవాలుగా కోసి ఉంటుంది, స్వరతంతువుల మధ్య దూరేటప్పుడు గొట్టాన్ని పావు చుట్టు తిప్పితే ఆ వాలు వాటిని సున్నితంగా పక్కకు ఒత్తుతుంది. లోపలి కొసకు దగ్గర గోడలకు రంధ్రాలు: గొట్టం ఒక కొమ్మలోకి దిగినా ఆ రంధ్రాలగుండా రెండో ఊపిరితిత్తికి గాలి అందుతుంది. బయటి కొసన పక్కగా మత్తు యంత్రపు గొట్టం తగిలించే నోరు. అంటే బిడ్డ ఊపిరి తీసుకునేదీ, డాక్టరు చూసేదీ, పనిముట్టు వెళ్ళేదీ అంతా ఆ ఒక్క సందులోనే.

అందులోంచి చూసే దుర్భిణి మందం 3 మిల్లీమీటర్ల లోపే. దీని వెనక హెరాల్డ్ హాప్‌కిన్స్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆలోచన ఉంది. పాత దుర్భిణుల్లో గొట్టమంతా గాలి, మధ్యమధ్య పల్చటి గాజు కటకాలు. ఆయన దాన్ని తిరగేశాడు: గొట్టమంతా పొడవాటి గాజు కడ్డీలు, వాటి మధ్య సన్నటి గాలి సందులు. ఆ గాలి సందులే కటకాలు. గాజులో వెలుతురు నష్టం తగ్గింది, కటకాల్ని పట్టి ఉంచే లోపలి బద్దీలు అక్కర్లేకపోవడంతో చోటూ కలిసొచ్చింది. 1967లో కార్ల్ ష్టోర్జ్ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఫోర్సెప్స్ కూడా దుర్భిణికే అమర్చాక, అంతకుముందు చేతి స్పర్శను నమ్మి చేసిన పని కళ్ళెదుట జరుగుతోంది.

థియేటర్లో మత్తు డాక్టరు, సర్జను ఒకే దారిని పంచుకోవాలి, ఎప్పటికప్పుడు మాటతో. మత్తు వాయువుతో బిడ్డను నిద్రపుచ్చి, స్వరతంతువుల మీద మత్తుమందు చల్లి, గొట్టం దింపుతారు. ముందు మంచి వైపు చూస్తారు, అక్కడి చెమ్మ పీల్చేసి ఆ ఊపిరితిత్తిని గట్టి చేసుకుంటారు. ఆ తర్వాతే గింజ ఉన్న కొమ్మ. పల్లీ కోసం చేసిన ఫోర్సెప్స్ దవడలు మధ్యలో ఖాళీగా ఉంటాయి, గింజ పొట్ట ఆ ఖాళీలోకి ఒదుగుతుంది, నలగదు. దవడలు తెరిచి గింజకూ గోడకూ మధ్య జార్చి, దాని లావు భాగం దాటేదాకా పోనిచ్చి, అప్పుడు మూస్తారు. బిగిస్తే పల్లీ ముక్కలై ఇంకా సన్నటి కొమ్మల్లోకి చెదురుతుంది. గింజ గొట్టంలో పట్టకపోతే కొసకు ఆనించి పట్టుకుని గొట్టం, దుర్భిణి, ఫోర్సెప్స్, గింజ అన్నీ ఒక్కటిగా బయటికి లాగుతారు. పట్టు చిక్కని నున్నటి పూస అయితే కొసన బెలూన్ ఉన్న సన్నటి తీగను పూస పక్కనుంచి దాటించి, అవతల బెలూన్ ఊది, వెనక్కి లాగుతారు.

అందరూ భయపడే చోటు స్వరతంతువుల ఇరుకు. అక్కడ గింజ జారి పడిపోయి శ్వాసనాళానికి అడ్డుపడితే రెండు ఊపిరితిత్తులకూ గాలి ఆగుతుంది. అప్పుడు దాన్ని పైకి లాగే తాపత్రయం మానుకుని, వచ్చిన కొమ్మలోకే తిరిగి తోసేయాలి. ఒక వైపు మళ్ళీ మూసుకుంటుంది, రెండో వైపుకు ఊపిరి అందుతుంది. పావుగంట కష్టాన్ని క్షణంలో వదులుకుని మొదటికి వెళ్ళడానికి చాలా నిబ్బరం కావాలి. అవతలి వైపు చేరి బయటికి తేవడం మీదే నడిచే ఈ విద్యలో, ఊపిరి దారి వరకు లోపలికి తోయడమే సరైన పని అయ్యే చోటు ఇదొక్కటే.

గింజ బయటికి వచ్చాక గొట్టాన్ని మళ్ళీ దింపుతారు. రెండో ముక్క ఉందేమో, గోడ ఎంత వాచిందో, అడ్డు వెనక నిల్వ ఉన్న చీము ఎంతో చూసి పీల్చేస్తారు. బయట నర్సు ముక్కల్ని గాజుగుడ్డ మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చి బద్ద పూర్తయిందో లేదో చూస్తుంది. అంచులు కలవకపోతే సర్జను మూడోసారి దిగుతాడు.